గడ్డి మొలకలకి టోపీ పెట్టిన పెద్దాయన

డార్విన్ పేరు చెప్పగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి మూడే. తెల్ల గడ్డం, ఓడ ప్రయాణం, కోతి మెల్లగా నిటారుగా లేచి మనిషి అయ్యే బొమ్మ. ఆ బొమ్మ ఆయన గీసింది కాదు, ఆయన పోయిన చాలా ఏళ్లకి వచ్చింది. అది పక్కన పెడితే, ఆయన జీవితంలో చివరి ఇరవై ఏళ్లు చాలావరకు మొక్కలతోనే గడిచాయని నాకు ఈ మధ్యే తెలిసింది. నేను ఎంపీసీ తీసుకుని పదో తరగతితోనే బయాలజీకి దండం పెట్టేశాను. ఆ పదో తరగతి పాఠంలో మాత్రం ఒక బొమ్మ ఉండేది. వెలుతురు వైపు వంగిన గడ్డి మొలక, పక్కనే తల మీద చిన్న టోపీతో వంగకుండా నిలబడ్డ ఇంకో మొలక. నాలుగు మార్కుల ప్రశ్న. ఆ టోపీ చేసింది ఓ డెబ్బై ఏళ్ల ముసలాయన, ఆయన కొడుకు అని అప్పట్లో నేను పట్టించుకోలేదు. (తెలుగులో టోపీ పెట్టడం అంటే వేరే అర్థం ఉంది కదా. ఇక్కడ నిజంగానే టోపీ పెట్టారు, మోసం ఏమీ లేదు.)

చార్లెస్ డార్విన్ 1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీలో పుట్టారు. తండ్రి రాబర్ట్ డార్విన్ ఆ ఊళ్లో పేరున్న డాక్టర్. ఎనిమిదేళ్ల వయసులో తల్లి పోయింది. పదహారేళ్లకి తండ్రి ఆయన్ని డాక్టర్ చదువుకి ఎడిన్‌బరో పంపారు. అప్పటికి మత్తుమందు లేదు, రోగికి తెలివి ఉండగానే కోసేవారు. రెండు ఆపరేషన్లు చూసి తట్టుకోలేక బయటికి వచ్చేశారు. తర్వాత చర్చి ఫాదర్ అవుతాడని కేంబ్రిడ్జ్‌లో వేశారు. అక్కడ చదువు కన్నా పురుగులు పట్టడం ఎక్కువైంది. ఇంట్లో ఒకటి అనుకుంటే కాలేజీలో ఇంకోటి జరగడం మనకి కొత్త కాదు. అక్కడ ఆయనకి దొరికిన అసలు ఆస్తి హెన్స్‌లో అనే బోటనీ ప్రొఫెసర్. ఆ ప్రొఫెసర్ వల్లే బీగిల్ ఓడలో చోటు వచ్చింది. 1831 డిసెంబర్ 27న బయలుదేరిన ఓడ 1836 అక్టోబర్ 2న తిరిగొచ్చింది. ఆ ఐదేళ్ల గురించి అన్ని చోట్లా ఉంది కాబట్టి నేను రాయను.

1839లో ఎమ్మాని పెళ్లి చేసుకున్నారు. ఎమ్మా ఆయనకి స్వయానా మేనమామ కూతురు. అంటే మన భాషలో మేనరికం. 1842లో లండన్‌కి ఓ పాతిక కిలోమీటర్ల దూరంలో కెంట్ ప్రాంతంలోని డౌన్ అనే పల్లెకి మారిపోయి, చనిపోయేదాకా ఆ ఇంట్లోనే ఉన్నారు. పదిమంది పిల్లలు పుట్టారు. ముగ్గురు చిన్నప్పుడే పోయారు. 1851లో పదేళ్ల ఆనీ పోయినప్పుడు ఆయన బాగా కుంగిపోయారు. ఆయన ఆరోగ్యం కూడా అంతంతమాత్రం. వాంతులు, నీరసం, రోజుకి కొన్ని గంటలకి మించి పనిచేయలేని పరిస్థితి. ఇదంతా నలభై ఏళ్లు నడిచింది.

ఆ మేనరికం సంగతి ఆయన్ని వదల్లేదు. పిల్లల జబ్బులకి మా రక్తసంబంధమే కారణమా అనే అనుమానం చాలా ఏళ్లు ఉంది. 1871 జనాభా లెక్కల్లో మేనరికాల గురించి ఒక ప్రశ్న పెట్టించాలని స్నేహితుల ద్వారా ప్రయత్నించారు, పార్లమెంటు ఒప్పుకోలేదు. మనుషుల్ని అడగనివ్వకపోయినా ఆయన దగ్గర మొక్కలు ఉన్నాయి. అప్పటికే కొన్నేళ్లుగా తోటలో ఆ లెక్క తీస్తూ ఉన్నారు. పూలకోసం పెంచుకునే మార్నింగ్ గ్లోరీ తీగని పది తరాల పాటు పెంచారు. ఒక వరసలో పువ్వుకి తన పుప్పొడే, ఇంకో వరసలో వేరే మొక్క పుప్పొడి. పరాయి పుప్పొడితో వచ్చినవి సగటున 100 ఎత్తు పెరిగితే సొంత పుప్పొడితో వచ్చినవి 77 మాత్రమే పెరిగాయి. 1876లో ఆ పుస్తకం వచ్చింది. మా ఇళ్లల్లో కూడా మేనరికాలు ఉన్నాయి, అందుకే ఆ పేజీల గురించి చదివినప్పుడు అది నాకు ఒట్టి గార్డెనింగ్ లెక్కలాగా అనిపించలేదు. తన ఇంట్లో జరిగిన దాన్ని నేరుగా అడగలేక ఒక తండ్రి పూలకుండీలని అడుగుతున్నట్టు ఉంది.

మొక్కల మీద పని అసలు మొదలైంది ఇంకా ముందే. పరిణామ సిద్ధాంతం పుస్తకం 1859 నవంబర్ 24న వచ్చింది. దేశమంతా గొడవ. మరుసటి సంవత్సరం వేసవిలో ఆయన ససెక్స్‌లోని బీడు నేలల్లో తిరుగుతుంటే డ్రాసెరా అనే చిన్న మొక్క కనిపించింది. ఆకుల మీద జిగురు చుక్కలతో ఎర్రటి వెంట్రుకలు, వాటికి అంటుకుని చచ్చిన ఈగలు. ఊరంతా తన గురించి కొట్టుకుంటుంటే ఆయన ఈ మొక్కకి అన్నం పెట్టడం మొదలుపెట్టారు. నిజంగానే పెట్టారు. పాలు, గుడ్డు తెల్లసొన, పచ్చిమాంసం రసం, ఉమ్మి, మూత్రం అన్నీ ఒక్కో చుక్క ఒక్కో ఆకు మీద. వెంట్రుకలు ముడుచుకున్నాయి. తర్వాత పంచదార నీళ్లు, గంజి, ఆలివ్ నూనె, టీ డికాషన్. కదల్లేదు. మొదటి జాబితాలో అన్నిటిలో ఉన్నది, రెండో జాబితాలో లేనిది నైట్రోజన్. డ్రాసెరా పెరిగే బురదనేలలో నైట్రోజన్ చాలా తక్కువ. ఆ లోటుని పురుగుల నుంచి తీర్చుకుంటోంది.

తర్వాత ఆయన అమ్మోనియా లవణాలు పట్టుకున్నారు. అమ్మోనియం ఫాస్ఫేట్‌కి ఆకు అన్నిటికన్నా ఎక్కువ స్పందించింది. మన పొలాల్లో చల్లే డీఏపీ ఆ కుటుంబానిదే. ఎంత తక్కువ వేస్తే ఆకు కదలడం ఆగుతుందో చూద్దామని పలచన చేస్తూ పోయారు. చివరికి ఒక వెంట్రుక వంగడానికి సరిపోయిన మొత్తం ఒక గ్రెయిన్‌లో రెండు కోట్లో వంతు అని తేలింది. గ్రెయిన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు. ఆ అంకె ఆయనకే నమ్మబుద్ధి కాలేదు, మళ్లీ మళ్లీ చేశారు. మొక్క ఇంత చిన్న మోతాదుని కూడా పసిగడుతుందని ఆయనకి తెలిసిన సందర్భం ఇది. తర్వాత జరిగిన కథంతా ఇలాంటి అతి చిన్న మోతాదుల గురించే కాబట్టి దీన్ని గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఫ్రాన్సిస్ గురించి చెప్పాలి. డార్విన్ కొడుకుల్లో ఒకడు, 1848లో పుట్టాడు. డాక్టర్ చదువు చదివాడు కానీ ప్రాక్టీస్ చేయలేదు. 1876 సెప్టెంబర్‌లో భార్య ఏమీకి కొడుకు పుట్టాడు. కొద్దిరోజులకే ఏమీ చనిపోయింది. ఫ్రాన్సిస్ పసిబిడ్డని తీసుకుని డౌన్‌లో అమ్మానాన్నల దగ్గరికి వచ్చేశాడు. ఇరవై ఎనిమిదేళ్ల కొడుకు, అరవై ఏడేళ్ల తండ్రి, మాట్లాడుకోవడానికి కష్టమైన దుఃఖం. ఇద్దరూ కలిసి మొక్కల మీద పడ్డారు. నేను ఈ వ్యాసం రాయాలనుకున్నది అసలు ఇక్కడి నుంచి ఉన్న ఆరేళ్ల కోసమే.

ఫ్రాన్సిస్ మొదట చేసిన మంచి పని డ్రాసెరా మీదే. తండ్రి పుస్తకం చదివి, పురుగులు తింటే మొక్కకి నిజంగా లాభం ఉందని రుజువు ఏది అని కొందరు అడిగారు. సరైన ప్రశ్న. ఫ్రాన్సిస్ మొక్కల్ని రెండు గుంపులు చేసి ఒక గుంపుకి చిన్న చిన్న మాంసం ముక్కలు పెట్టాడు, రెండోదాన్ని పస్తులుంచాడు. తిన్నవి రెండు రెట్లకి పైగా గింజలు ఇచ్చాయి. ఎరువు వేసిన మడి, వేయని మడి పక్కపక్కన పెట్టి చూసినట్టే.

తర్వాత ఇద్దరూ మొక్కల కదలికల మీదకి వచ్చారు. మొక్క కదలడం కంటికి కనపడదు కదా. వాళ్లు చేసిన ఉపాయం నాకు చాలా నచ్చింది. సన్నటి గాజు తీగ చివర నల్ల లక్క చుక్క అంటించి దాన్ని మొలకకి జిగురుతో పెట్టేవారు. వెనకాల అట్ట ముక్క మీద ఒక చుక్క. ముందు గాజు పలక. రెండు చుక్కలూ ఒకే వరసలో కనపడే చోట పలక మీద సిరాతో గుర్తు. కొంతసేపయ్యాక ఇంకో గుర్తు. పొద్దున్నుంచి రాత్రిదాకా గుర్తులు పెట్టి తర్వాత వాటిని గీతతో కలిపేవారు. మనం సెన్సర్ పెట్టి కొన్ని సెకన్లకోసారి రీడింగ్ తీసుకుని గ్రాఫ్ గీస్తామే, సరిగ్గా అదే. సెన్సర్ స్థానంలో ముసలాయన కన్ను ఉంది, అంతే తేడా. ఆ గ్రాఫుల్లో తేలింది ఏమిటంటే పెరిగే ప్రతి కొనా నిలువుగా కాకుండా మెల్లగా సుడి తిరుగుతూ పెరుగుతుందని.

వెలుతురు ప్రయోగానికి పక్షుల మేతగా అమ్మే కానరీ గడ్డి గింజలు తీసుకున్నారు. గడ్డి గింజ మొలిచినప్పుడు లోపలి లేత ఆకుని కప్పుతూ గొట్టంలాంటి తొడుగు వస్తుంది. తెలుగు పుస్తకాల్లో దాన్ని ప్రాంకుర కవచం అంటారు. ఒక పక్క నుంచి వెలుతురు పడితే అది అటు వంగుతుంది. వంపు కింది భాగంలో వస్తుంది. కాబట్టి వెలుతురుని చూసేది కూడా కింది భాగమే అని ఎవరైనా అనుకుంటారు. వీళ్లు అలా అనుకోలేదు. మొలక కొనకి తగరపు రేకుతో టోపీ చేసి పెట్టారు. మొలక వంగలేదు. టోపీ బరువు వల్ల వంగలేదేమో? లేదా రేకు తగిలి దెబ్బతిందేమో? అందుకని సన్నటి గాజు గొట్టాలు చేసి కొన్నిటికి నల్ల రంగు పూశారు, కొన్నిటిని అలాగే వదిలేశారు. రెండూ టోపీలే, బరువూ ఒకటే. నల్లవి పెట్టిన మొలకలు చాలావరకు నిటారుగా ఉన్నాయి, రంగు లేనివి పెట్టినవి వంగాయి. ఆ తర్వాత తిప్పి చేశారు. కొనని వదిలేసి కింది భాగాన్ని సన్నటి నల్ల ఇసుకలో కప్పేశారు. వెలుతురు అస్సలు తగలని ఆ భాగం, ఇసుకలో ఉండి కూడా, వెలుతురు వైపు వంగింది.

కోడ్‌లో తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు మనం ఒక్కో ముక్కని కామెంట్ చేసి చూస్తాం. ఒకసారికి ఒకటే మార్చాలి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. ఇది మాకు ఫస్ట్ ఇయర్ ల్యాబ్‌లో చెప్తారు, ఎవరూ పాటించరు. ఆ టోపీల వరస చూశాక ఆ పద్ధతి అంటే నాకు గౌరవం పెరిగింది.

తేలింది ఒకటే. చూసేది కొన, వంగేది మొదలు. అంటే పై నుంచి కిందకి ఏదో ప్రభావం ప్రయాణిస్తోంది. అది ఏమిటో వాళ్లకి తెలియదు, తెలిసినట్టు రాయనూ లేదు. వేర్ల మీద కూడా ఇలాంటిదే చూశారు. చిక్కుడు జాతి మొలకల వేరు కొనని కొద్దిగా కోసేసి అడ్డంగా పడుకోబెడితే వేరు కిందకి వంగడం మానేసింది. కాబట్టి భూమి ఏ వైపు ఉందో తెలిసేది కూడా కొనకే. వేరు కొన చిన్న జంతువు మెదడులాగా పనిచేస్తోందని ఆయన పుస్తకం చివర్లో పోల్చారు. మొక్కల కదలికల మీద ఆ పుస్తకం 1880 నవంబర్‌లో వచ్చింది, ఫ్రాన్సిస్ సాయం చేశాడని అట్ట మీదే వేశారు.

గొడవ జర్మనీలో మొదలైంది.

ఆ రోజుల్లో మొక్కల శాస్త్రం అంటే జర్మనీ, జర్మనీలో అంటే వుర్జ్‌బర్గ్‌లోని జూలియస్ సాక్స్. ఫ్రాన్సిస్ 1878లో, 1879లో ఆయన ల్యాబ్‌కి వెళ్లి పనిచేశాడు కూడా. సాక్స్ గురించి రెండు ముక్కలు చెప్పకపోతే అన్యాయం. బ్రెస్లావ్‌లో చిత్రాలు చెక్కే పేద కళాకారుడి కొడుకు. పదిహేడేళ్లు వచ్చేసరికి అమ్మానాన్నలు లేరు. ఒక ప్రొఫెసర్ చేరదీసి బొమ్మలు గీసే పని ఇస్తే అక్కడి నుంచి సొంతంగా పైకొచ్చాడు. మనమందరం ఆకుని స్పిరిట్‌లో మరిగించి అయోడిన్ వేసి నల్లగా మారడం చూశాం కదా, ఆకు వెలుతురులో పిండిపదార్థం చేస్తుందని నిరూపించింది ఈయనే. 1860 ప్రాంతంలో మట్టి లేకుండా, నీళ్లలో లెక్కపెట్టి లవణాలు కలిపి మొక్కల్ని పూర్తిగా పెంచి చూపించిన వాళ్లలో ఈయన ముఖ్యుడు. మొక్కకి ఏ ఎరువు నిజంగా అవసరం, ఏది లేకపోయినా బతుకుతుంది అనే లెక్క ఆ నీళ్ల సీసాల నుంచే మొదలైంది.

అలాంటి మనిషికి డార్విన్ వేరు ప్రయోగం నచ్చలేదు. ఆయన ల్యాబ్‌లో చేసి చూస్తే అదే ఫలితం రాలేదు. 1882లో వచ్చిన తన ఉపన్యాసాల పుస్తకంలో డార్విన్‌ల ప్రయోగాలని పద్ధతి తెలియని వాళ్లు చేసిన పనిగా తీసిపారేశాడు. పల్లెటూరి ఇంట్లో పూలకుండీల మధ్య చేసే పని శాస్త్రం ఎలా అవుతుందన్నది అందులో ఉన్న అసలు మాట. వియన్నా ప్రొఫెసర్ వీస్నర్ కూడా అంతకు ముందే, 1881లో, డార్విన్‌ని విమర్శిస్తూ ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. కానీ ఆయన మర్యాదగా రాశాడు. డార్విన్ ఆ పుస్తకం చదివి, చాలా చోట్ల తాను తప్పని రాసినా, ఆ మర్యాదకి కృతజ్ఞత చెబుతూ ఉత్తరం రాశారు. సాక్స్ మాటలు మాత్రం ఫ్రాన్సిస్‌కి బాగా తగిలాయి. వాళ్లిద్దరి స్నేహం దెబ్బతింది.

సాక్స్‌ని విలన్ చేయడం తేలిక. నాకు అలా చేయాలనిపించలేదు. ఏమీ లేని చోటు నుంచి వచ్చి, పరికరాలు తనే డిజైన్ చేసుకుని, క్రమశిక్షణతో ఒక శాస్త్రాన్ని కట్టిన మనిషి. డబ్బున్న ఇంట్లో పుట్టి ఉద్యోగం అనేదే చేయకుండా ఇంట్లో ప్రయోగాలు చేసుకునే పెద్దమనిషిని చూస్తే ఆయనకి ఎలా ఉంటుందో ఊహించొచ్చు. కానీ ఈ విషయంలో డార్విన్‌లే కరెక్ట్. వేరు కొన మీద ఉండే చిన్న టోపీలాంటి కణాల్లో బరువైన పిండి రేణువులు ఉంటాయి, అవి కిందకి దిగిన వైపే భూమి అని వేరుకి తెలుస్తుంది. పిండి రేణువులు! జీవితమంతా పిండిపదార్థం మీద పనిచేసిన సాక్స్‌కి అవే సమాధానం అయ్యాయి. అది బయటపడింది 1900లో, ఆయన 1897లోనే పోయారు.

ఈలోపు డౌన్‌లో పెద్దాయన వానపాముల మీద పడ్డారు. వానపాములకి వినికిడి ఉందా లేదా అని ఎమ్మా పియానో వాయించింది, ఫ్రాన్సిస్ బసూన్ ఊదాడు, ఐదేళ్లు కూడా నిండని మనవడు బెర్నార్డ్ ఈల ఊదాడు. వాటికి ఏమీ వినపడలేదు. కానీ ఆ కుండీల్ని పియానో మీద పెట్టి వాయిస్తే అదురుకి లోపలికి దూరాయి. వానపాములు మట్టిని తిని, తిప్పి, సారవంతం చేస్తాయని చెప్పే ఆ పుస్తకం 1881లో వచ్చింది. అదే ఆయన చివరి పుస్తకం. 1882 ఏప్రిల్ 19న గుండెజబ్బుతో ఇంట్లోనే చనిపోయారు. 73 ఏళ్లు. ఊళ్లోనే, పిల్లల పక్కన పూడ్చిపెట్టాలని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. దేశం ఒప్పుకోలేదు, వెస్ట్‌మినిస్టర్ ఆబీలో న్యూటన్‌కి దగ్గర్లో సమాధి చేశారు.

గడ్డి మొలకలోని ఆ ప్రభావం సంగతి అప్పటికి ఎటూ తేలలేదు. 1890లలో రోతెర్ట్ అనే ఆయన టోపీ ప్రయోగాలు మళ్లీ చేసి డార్విన్‌లదే నిజం అన్నాడు. 1910 ప్రాంతంలో డెన్మార్క్‌లో బాయ్‌సెన్ యెన్సెన్ కొనని కోసి, మధ్యలో జెలటిన్ ముక్క పెట్టి మళ్లీ అతికిస్తే మొలక వంగింది. అంటే ఆ ప్రభావం జెలటిన్‌లోంచి దిగగలిగే పదార్థం. 1926లో హాలండ్‌లో ఫ్రిట్స్ వెంట్ అనే కుర్రాడు కోసిన కొనల్ని అగర్ ముక్క మీద పెట్టి, తర్వాత ఆ అగర్ ముక్కనే తల లేని మొలక మీద ఒక పక్కకి పెట్టాడు. చీకట్లో, వెలుతురు లేకుండా, మొలక వంగింది. ప్రభావం చేతికి దొరికింది. ఆ పదార్థానికే ఆక్సిన్ అని పేరు. ఫ్రాన్సిస్ 1925 సెప్టెంబర్‌లో చనిపోయాడు. కొద్ది నెలల్లో తప్పిపోయింది.

ఇంకో మలుపు ఉంది, ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. డార్విన్ పుస్తకం వచ్చిన 1880 ప్రాంతంలోనే సాక్స్ ఒక ఆలోచన ప్రచురించాడు. ఆకుల్లో వేర్లు పుట్టించే పదార్థం ఏదో తయారై కిందకి దిగుతుందని, కొమ్మని కోసినప్పుడు అది కింది చివర పోగై అక్కడ వేర్లు వస్తాయని. కొమ్మ ముక్కలు ఎందుకు వేళ్లూనుతాయి అనే ప్రశ్నకి ఆయన చెప్పిన జవాబు అది. 1934, 1935లో వెంట్, థీమన్ వంటి వాళ్లు ఆ వేర్ల పదార్థం కోసం వెతికి చూస్తే దొరికింది ఏమిటనుకున్నారు? అదే ఆక్సిన్. డార్విన్ ప్రభావం, సాక్స్ పదార్థం రెండూ ఒకటే అణువు. పేరు ఇండోల్ అసిటిక్ ఆసిడ్. ఒకరినొకరు ఒప్పుకోని ఇద్దరు ఒకే వస్తువుని చెరో వైపు నుంచి పట్టుకుని ఉన్నారు.

1935లో అమెరికాలోని బాయిస్ థాంప్సన్ ఇన్‌స్టిట్యూట్‌లో జిమ్మర్మన్, విల్కాక్సన్ దాని దగ్గరి చుట్టం ఇండోల్ బ్యుటిరిక్ ఆసిడ్ కూడా వేర్లు పుట్టిస్తుందని చూపించారు. మొదటిది వెలుతురులో, మొక్క లోపలి ఎంజైముల వల్ల త్వరగా విరిగిపోతుంది. రెండోది కొంచెం గట్టిది. ఐబీఏ అని నర్సరీల్లో అమ్మే పౌడర్ ఇదే, ముగ్గుపిండిలాంటి టాల్క్‌లో కలిపి ఇస్తారు.

మా అమ్మమ్మ వాళ్లది రాజమండ్రి వైపు. కడియం నర్సరీలు అక్కడికి దగ్గరే. నేను చూసిన ఒక నర్సరీలో ఆడవాళ్లు వరసగా కూర్చుని కాగితం పూల కొమ్మల్ని జానెడు ముక్కలుగా కోసి, కట్టలు కట్టి, కింది చివరలు పౌడర్‌లో అద్ది, దులిపి, సంచుల్లో గుచ్చుతున్నారు. తలకిందులుగా ఒక్కటీ పెట్టరు. ఎందుకంటే ఆక్సిన్ పై నుంచి కిందకే నడుస్తుంది, ఏది పైనో ఏది కిందో కొమ్మ ముక్కకి గుర్తుంటుంది. మందారం కొమ్మకి అమ్మమ్మ పైన రెండు ఆకులు ఉంచి మిగతావి తుంచేస్తుంది. అన్నీ ఉంచితే నీరు ఆవిరైపోయి కొమ్మ ఎండుతుంది, అన్నీ తీసేస్తే కిందకి దిగే ఆక్సిన్, పంచదార రెండూ తగ్గుతాయి. ఆవిడకి ఈ పేర్లేవీ తెలియవు.

మోతాదు విషయంలో డ్రాసెరా గుర్తొస్తుంది. లేత కొమ్మలకి పది లక్షల పాళ్లలో 500 నుంచి 1000 పాళ్లు చాలు, కాగితం పూల లాంటి ముదురు కొమ్మలకి 2000 నుంచి 4000 దాకా వాడతారు. ఇంకా వేస్తే ఇంకా వేర్లు వస్తాయని కాదు. ఎక్కువైతే చివర నల్లబడి కుళ్లుతుంది, పైన మొగ్గలు కదలకుండా ఆగిపోతాయి. ఒకే మందు కాండాన్ని సాగదీస్తుంది, అంతే మోతాదు వేరుకి తగిలితే దాని పెరుగుదలని ఆపేస్తుంది. అడ్డంగా పడుకోబెట్టిన మొలకలో కాండం పైకి, వేరు కిందకి వంగడానికి కారణం ఈ తేడానే.

ఎరువు లెక్క దీనికి పూర్తిగా వేరు. వేర్లు లేని కొమ్మకి యూరియా, డీఏపీ వేసి ఉపయోగం లేదు, తీసుకోవడానికి దారే లేదు. పైగా ఉప్పు ఎక్కువై కోసిన చివర దెబ్బతింటుంది. ఎరువు పని కొమ్మ కోయక ముందు, వేర్లు వచ్చాక. తల్లి మొక్కకి నైట్రోజన్ దండిగా వేస్తే కొమ్మలు లేతగా, నీరు పట్టి, చూడటానికి బాగుంటాయి కానీ వేర్లు సరిగా రావు. లోపల పిండిపదార్థం నిల్వ ఉండి నైట్రోజన్ మితంగా ఉన్న కొమ్మ బాగా వేళ్లూనుతుంది. వేర్లు పట్టి చిగురు వేశాక పలచగా కలిపిన ఎరువు మొదలుపెడతారు, అప్పుడు నైట్రోజన్ ఉన్న కుండీకి లేని కుండీకి ఆకుల్లోనే తేడా తెలుస్తుంది. హార్మోన్ వేర్లు వచ్చేలా చేస్తుంది కానీ తిండి పెట్టదు. ఎరువు తిండి పెడుతుంది కానీ వేర్లు పుట్టించదు. డౌన్ ఇంట్లో ఒక బల్ల మీద డ్రాసెరాకి అమ్మోనియా చుక్కలు, ఇంకో బల్ల మీద గడ్డి మొలకలకి టోపీలు. రెండు పనులూ ఆ ఇంట్లోనే, విడివిడిగానే జరిగాయి.

డౌన్ హౌస్ ఇప్పుడు మ్యూజియం. 1863లో ఆయన కట్టించుకున్న వేడిగది తోటలో ఉంది, అందులో ఇప్పటికీ డ్రాసెరా కుండీలు పెంచుతున్నారు.